పిల్లిపిల్ల మెడ మీది పుండు

ఆళ్లగడ్డలో ఎద్దులకు లాడాలు కొట్టే సైదా సాహెబ్‌ను ఎరగని రైతు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉండేవాడు కాదు. ఎంత పొగరుబోతు ఎద్దునైనా రెండు తాళ్లు వేసి, ఒక్క గుంజుకు నేల మీద పడుకోబెట్టేవాడు. నడక చూసి, ఏ గిట్టలో ముల్లుందో చెప్పేవాడు. కాడి ఒరుసుకుని మెడ పుండైనా, పురుగు పడినా, కాలు బెణికినా జనం ఆయన దగ్గరికే తోలుకొచ్చేవాళ్లు. "సాహెబు చెయ్యి మంచిది" అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడు ఆయన తల వంచుకుని పని చూసుకునేవాడు కానీ, లోపల పొంగిపోయేవాడు. ఆయనకున్న ఆస్తి ఆ మాటొక్కటే.

కిందటేడు వానాకాలంలో ఊరికి కలరా తగిలింది. సైదా సాహెబ్ భార్య బీజాన్‌కు ఒకరోజు పొద్దున వాంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి ఆమే అడిగింది, నంద్యాల ఆసుపత్రికి తీసుకుపొమ్మని. సైదా సాహెబ్ శొంఠి కషాయం కాచి తాగించి, "రేపు పొద్దున బస్సుకు పోదాం, అంతలోకి నెమ్మదిస్తాదిలే" అన్నాడు. మరుసటి రోజు బస్సు వచ్చేసరికి బీజాన్ లేదు.

ఇంట్లో మిగిలింది తొమ్మిదేళ్ల కూతురు ఫాతిమున్నీసా. అందరూ ఫాతిమా అనేవాళ్లు. తల్లి పోయిన నాటి నుంచి అన్నం వండటం, నీళ్లు తేవడం, ఇల్లు ఊడవడం అన్నీ ఆ పిల్లే. పని అంతా చేసేది, మాట మాత్రం తగ్గిపోయింది. "అన్నం పెట్టనా నాయనా?" "పెట్టు." "నీళ్లు పోసుకుంటావా?" "ఊఁ." పొద్దున లేచింది మొదలు తండ్రీ కూతుళ్ల మధ్య నడిచే మాటలు అన్నే. సైదా సాహెబ్‌కు ఎద్దుతో మాట్లాడటం తెలుసు. ఆడపిల్లతో ఏం మాట్లాడాలో తెలియదు. అవన్నీ బీజాన్ చూసుకునేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఫాతిమా ఓణీ కొంగులో ఏదో చుట్టుకుని ఇంట్లోకి వచ్చింది. సైదా సాహెబ్ అప్పుడే పని ముగించుకుని చేతులు కడుక్కుంటున్నాడు.

"ఏందే అది?"

"పిల్లి పిల్ల."

"తెలుస్తాంది లే. యాడ దొరికింది?"

"జీవమ్మత్త వామి కింద. నాలుగు పిల్లలు పెట్టిండె. నిన్న కుక్కలు వచ్చి దీని అమ్మను, మూడు పిల్లలను సంపేసినాయంట. ఇది మాత్రం గడ్డి లోపలికి దూరి బతికింది. చెయ్యి పెడితే గోరు గీకింది నాయనా, చూడు. ఆకలితో అరిచి అరిచి దీని గొంతు పోయింది."

జీవమ్మ పక్కింటావిడ. రెండు బర్రెలు పెట్టుకుని పాలు, మజ్జిగ అమ్ముకునేది. ఆమె గడ్డివామి సైదా సాహెబ్ ఇంటి గోడను ఆనుకునే ఉండేది.

సైదా సాహెబ్ పిల్లి పిల్లను చూడలేదు. కూతురి ముఖం చూశాడు. బీజాన్ పోయాక ఆ పిల్ల ఒక్క దమ్మున అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

"ఉండనీ లే" అన్నాడు.

నెలన్నర పిల్ల. జీలకర్ర రంగు మీద నల్లటి చారలు. ఫాతిమా దానికి జీరా అని పేరు పెట్టింది. మొదటి రోజు పాలు గిన్నెలో పోస్తే దానికి తాగడం రాలేదు, ముఖమంతా పూసుకుని తుమ్మింది. సైదా సాహెబ్ పాత పంచె చింపి వత్తి చేశాడు.

"బర్రెపాలు అట్లే పోయొద్దు, చిక్కన. సగం నీళ్లు కలుపు. వెచ్చ చెయ్యి. వెల్లకిలా పట్టుకోవద్దు, పాలు ఊపిరిలోకి పోతాయి. బోర్లా ఉండనిచ్చి, మూతి కాడికి వత్తి పెట్టు. అదే చీకుతాది."

"నీకెట్ల తెలుసు?"

"తల్లిలేని దూడలను ఎన్నింటిని సాకలేదు నేను!"

జీరా వత్తిని చీకింది. చీకుతూ ముందు కాళ్లతో ఫాతిమా అరచేతిని పిసికింది. ఫాతిమా నవ్వింది. ఆ నవ్వు విని సైదా సాహెబ్ లేచి వాకిట్లోకి పోయి, ఊరికే తాళ్లు చుడుతూ నిలబడ్డాడు.

మూడు రోజులు ఆ ఇంట్లో మాటలు వినబడ్డాయి. జీరా చాప కిందికి దూరింది. జీరా సాలీడును పట్టింది. జీరా నా వేలు కరిచింది, నొప్పి ల్యా. సైదా సాహెబ్ అన్నం తింటూ అన్నీ వినేవాడు. ఒకటి రెండు ప్రశ్నలు కూడా అడగడం నేర్చుకున్నాడు.

నాలుగో రోజు సాయంత్రం ఫాతిమా పిల్లి పిల్లను ఒళ్లో పెట్టుకుని తండ్రి ముందు కూర్చుంది.

"నాయనా, దీని మెడ మీద చూడు. వాసన వస్తాంది."

వెంట్రుకలు పక్కకు తీస్తే కనబడింది. కుక్క పన్ను దిగిన గాటు. పైన చిన్నది, లోపల లోతుగా ఉంది. చుట్టూ తడి. ఈగలు వాలి గుడ్లు పెట్టినట్టున్నాయి, సన్నని తెల్ల పురుగులు కదులుతున్నాయి. ఒంటి నిండా పేలు. ఆ గోకుడుతో పుండు ఇంకా పెద్దదయింది. ఆ రోజు పాలు కూడా సరిగా తాగలేదు.

"నంద్యాలలో పశువుల డాక్టర్ ఉన్నాడంట కదా నాయనా. దీన్ని తీసకపోదాం."

"ఎవరు చెప్పినారు?"

"గురవయ్య మామ. వాళ్ల కోడెను ఆడికే తోలకపోయినాడంట. సూది వేస్తే వాపు తగ్గిందంట."

సైదా సాహెబ్‌కు అది గుచ్చుకుంది. గురవయ్య ఆయన పాత గిరాకీ. ఆ కోడెకు జబ్బ వాచినప్పుడు ముందు చూసింది సైదా సాహెబే. ఆకు పసరు కట్టాడు, కాపడం పెట్టాడు, ఐదు రోజులకూ తగ్గలేదు. గురవయ్య చెప్పకుండా నంద్యాలకు తోలుకుపోయాడు. నయం చేసుకుని వచ్చి, సంతలో పదిమందికీ సూదిమందు గొప్ప చెప్పాడు. సైదా సాహెబ్ అక్కడే ఒక ఎద్దు కాలు పట్టుకుని కూర్చుని అంతా విన్నాడు.

"పిల్లికి డాక్టరా? నలుగురు వింటే నవ్వుతారు. నేను ల్యానా? ఇట్లాంటి పుండ్లు ఎన్ని చూసినా. రేపు పొద్దున చూస్తాలే."

ఫాతిమా పిల్లి పిల్ల వీపు నిమురుతూ, తల ఎత్తకుండా అంది. "అమ్మకు కూడా రేపే అన్నావు."

 ఆ పిల్ల ఏడవలేదు, కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అంది. సైదా సాహెబ్ లేచాడు. గూట్లో ఉన్న ఫినాయిలు సీసా తీశాడు. ఎద్దుల పుండ్లలో పురుగు పడితే ఆయన వాడేది అదే. పోసిన మరుక్షణం పురుగులు బయటికి దూకి చచ్చేవి, నాలుగు రోజుల్లో పుండు మానేది. ఒక్క ఎద్దుకు కూడా కీడు జరగలేదు.

"రేపు వద్దు. ఇప్పుడే చేస్తా. గట్టిగా పట్టుకో."

చిన్న ప్రాణమని నీళ్లు కలిపాడు. ఎద్దుకు పోసేంత ఘాటు లేకుండా చూసుకున్నాడు. పుండులో పోశాడు. జీరా ఒళ్లంతా విల్లులా వంచి అరిచింది. పురుగులు రాలాయి. "చూసినావా?" అన్నాడు కూతురితో. పేలకు కూడా ఇదే మందని గుడ్డ తడిపి, తల నుంచి తోక దాకా ఒళ్లంతా రుద్దాడు. పేలు కుప్పలుగా రాలి చచ్చాయి. ఫాతిమా వాటిని చూసి తండ్రి ముఖంలోకి చూసింది. ఆ చూపులో మళ్లీ నమ్మకం కనబడింది ఆయనకు. చాలా రోజుల తర్వాత ఆ పూట ఆయన కడుపు నిండా తిన్నాడు.

జీరా మూలన కూర్చుని తన ఒంటిని తాను నాక్కుంటూ ఉంది. పిల్లులు నాక్కోవడం మామూలేనని ఇద్దరూ పట్టించుకోలేదు.

తెల్లవారేసరికి దాని నోటి నుంచి చొంగ కారుతోంది. నిలబెడితే వెనక కాళ్లు నిలవలేదు. ఒళ్లు వణుకుతోంది. పొట్ట కింద, చంకల్లో చర్మం ఎర్రగా కందిపోయింది. వత్తి మూతికి పెడితే పాలు పక్కకు కారిపోయాయి.

ఫాతిమా తండ్రిని ఏమీ అడగలేదు. ఆయనే చొక్కా తొడుక్కుని, తలగుడ్డ చుట్టుకుని, "పా, బస్సుకు పోదాం" అన్నాడు.

యుద్ధం వచ్చి పెట్రోలు దొరకని కాలం. బస్సు వెనక పెద్ద పీపాయి లాంటి పొయ్యి కట్టి, బొగ్గు మండించి, ఆ గ్యాసుతో నడిపేవాళ్లు. దిబ్బ కనబడితే జనం దిగి తోయాలి. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు మూడు గంటలు. దారి పొడుగునా ఫాతిమా పిల్లి పిల్లను ఓణీలో చుట్టి, గుండెలకు ఆనించి పట్టుకుంది. పక్కన కూర్చున్న ఒకాయన తొంగి చూసి, "పిల్లినా! యాడికి తీసకపోతాండారు?" అన్నాడు. ఆసుపత్రికని ఫాతిమా చెప్పింది. ఆయన నవ్వి ముందు సీటు వాళ్లకు చెప్పాడు, వాళ్లూ తిరిగి చూశారు. సైదా సాహెబ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఎవరు నవ్వినా ఆయనకు పట్టలేదు. రాత్రి రుద్దిన గుడ్డ, అందులోని వాసన, అదే తిరుగుతోంది తలలో.

పశువుల ఆసుపత్రి ముందు బండ్లు, ఎద్దులు, బర్రెలు నిండి ఉన్నాయి. పల్లెల్లో పశువులకు అంటువ్యాధి పెద్దరోగం వచ్చిందని పొద్దున నుంచీ టీకాలు వేస్తున్నారు. డాక్టరు పార్థసారథి అహోబిలం అర్చకుల ఇంటి పిల్లవాడు. మద్రాసులో పశువైద్యం చదివి వచ్చాడు. ముప్పయ్యేళ్లుంటాయి, నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. వసారాలో తమ వంతు కోసం కూర్చున్న రైతుల్లో గురవయ్య ఉన్నాడు. కోడెకు రెండో సూది వేయించడానికి ముందు రోజే బండి కట్టుకుని వచ్చాడు.

"ఏం సాహెబూ, నువ్వూ వస్తివే!" అన్నాడు గురవయ్య సంబరంగా. "డాక్టర్ సారూ, నేను చెప్పలా, మా ఊరి సాహెబు. పశువుల సంగతి ఈయనకు తెలిసినంత ఇంకోరికి తెలియదు."

డాక్టరు తల ఊపి, ఫాతిమా చేతుల్లోని మూటను చూశాడు. "ఏం తెచ్చినావు పాపా? పిల్లినా? నేను ఈడికి వచ్చి రెండేళ్లయింది, పిల్లిని తెచ్చింది నువ్వే మొదలు. ఇట్ల బల్ల మీద పెట్టు."

ఓణీ విప్పగానే ఆయన ముఖం మారింది. వంగి వాసన చూశాడు. నోరు తెరిచి చూశాడు. నాలుక మీద తెల్లగా పొక్కింది.

"ఫినాయిలు. ఎవరు పూసినారు ఇది?"

సైదా సాహెబ్ నోరు తెరిచాడు. వసారాలో ఐదారుగురు రైతులు ఇటే చూస్తున్నారు. గురవయ్య లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. సైదా సాహెబ్ తలగుడ్డ సర్దుకున్నాడు.

"నేను" అంది ఫాతిమా.

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "నువ్వా? నీకెవరు చెప్పినారు? పిల్లికి ఫినాయిలు విషం. ఎద్దుకు సరిపోతాదని పిల్లికి పూస్తారా? పిల్లి తన ఒళ్లు తానే నాకుతాది, పూసిందంతా కడుపులోకి పోతాది. ఉప్పునీళ్లతో కడిగి, చిమటాతో పురుగు తీసింటే ఈ పుండు వారంలో మానేది. పేలకు దువ్వెన చాలు. ఇట్లాంటి పసికూన దొరికితే, దొరికిన నాడే తెచ్చి చూపించల్ల. ఆ కుక్క గాటు ఆ పొద్దే కనపడేది. మీ ఇంట్లో పెద్దోళ్లు ల్యారా? మీ నాయనకు ఇన్ని తెలుసునంట, ఒక్క మాట అడగలేకపోయినావా?"

ఫాతిమా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కళ్ల నిండా నీళ్లున్నాయి కానీ కింద పడలేదు.

"ఏం సాహెబూ, నువ్వు ఇంట్లో ల్యావా?" అన్నాడు డాక్టరు.

"ల్యాను సార్" అన్నాడు సైదా సాహెబ్. "పని మీద పోయింటి."

అన్నాక ఆయనకు తన గొంతు ఎవరిదో అనిపించింది. కూతురు ఆయన వైపు చూడలేదు. గుమ్మం దగ్గర గురవయ్య "అయ్యో, పసిబిడ్డ, తెలియక చేసింది" అని నాలుక చప్పరించాడు.

డాక్టరు తిట్టడం తిట్టాడు కానీ చెయ్యాల్సింది చేశాడు. గోరువెచ్చని నీళ్లు తెప్పించి, సబ్బుతో పిల్లి పిల్ల ఒళ్లంతా రెండుసార్లు మెల్లగా కడిగాడు. పొడిగుడ్డలో చుట్టాడు. కోడిగుడ్డు తెల్లసొన నీళ్లలో కలిపి, చుక్క చుక్కగా నోట్లో వేశాడు. కొంత మింగింది, కొంత కారిపోయింది. బయట ఎద్దులు అరుస్తున్నాయి, జనం పిలుస్తున్నారు. అయినా ఆయన పావుగంట ఆ బల్ల దగ్గరే ఉన్నాడు.

"వెచ్చగా పెట్టు. గంటకొకసారి ఇట్ల చుక్కలు వెయ్యి" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఒంటి మీదిది కడిగేసినా. లోపలికి పోయినదాన్ని నేను తియ్యలేను తల్లీ. నిన్ననే వచ్చింటే బాగుండేది."

తిరుగు బస్సు మధ్యాహ్నం ఎక్కారు. శిరివెళ్ల దగ్గర బస్సు ఆగింది. డ్రైవరు దిగి పొయ్యిలో బూడిద గీకి, కొత్త బొగ్గు పోస్తున్నాడు. జనం దిగి చెట్ల నీడకు పోయారు. తండ్రీ కూతుళ్లు దిగలేదు. ఎండ రేకుల మీద కాగుతోంది.

"నాయనా, ఇది సల్లగా అయిపోతాంది" అంది ఫాతిమా.

సైదా సాహెబ్ చెయ్యి పెట్టి చూశాడు. పొట్ట కదలడం లేదు. ఎన్ని వందల పశువుల మీద ఆ చెయ్యి అట్లా పెట్టి చూశాడో. చెప్పనక్కరలేదు, ఆయన చెయ్యి తీసిన తీరులోనే ఆ పిల్లకు తెలిసిపోయింది. ఓణీ కొంగు పిల్లి పిల్ల తల మీదికి లాగి కప్పింది.

బూడిద గీకే చప్పుడు ఆగాక ఆయన అడిగాడు. "ఎందుకట్ల చెప్పినావు? నువ్వు పూసినావని?"

"గురవయ్య మామ ఆడే ఉన్నాడు కదా."

"ఉంటే?"

"నీ చెయ్యి మంచిది కాదంటే, ఎద్దులను ఇంకెవరు తోలకొస్తారు మన ఇంటికి?"

తొమ్మిదేళ్ల పిల్ల. సంసారం మోసే ఆడమనిషి మాట్లాడినట్టు మాట్లాడింది. సైదా సాహెబ్‌కు ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది. చెయ్యి ఎత్తాడు. ఫినాయిలు వాసన ఇంకా పోలేదా చేతికి అనిపించి, తిరిగి మోకాలి మీద పెట్టుకున్నాడు. జనం ఎక్కారు. బస్సు కదిలింది.

ఊరి పక్కన పారే వక్కిలేటి ఒడ్డున ఇసుక తవ్వి, జీరాను ఆయనే పూడ్చాడు. ఫాతిమా నిలబడి చూసింది. ఇంటికి వచ్చి పొయ్యి అంటించింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. మూడో రోజుకు గురవయ్య ఊరు చేరాడు. ఆయన చెడ్డవాడు కాదు, జరిగింది జరిగినట్టు చెప్పాడంతే. విన్నది జీవమ్మ. పిల్లిని చంపితే ఎంత పాపమో ఊళ్లో తెలియనివాళ్లు లేరు. "కాశీకి పోయి బంగారు పిల్లిని దానమిచ్చినా పోయే పాపం కాదే తల్లీ" అని జీవమ్మ ఫాతిమాను చూసి గుండెలు బాదుకుంది. "తల్లిలేని పిల్ల, ఎవరు చెప్పేదానికి ఉన్నారు!" జాలిగానే అంది. ఆ జాలి బావి దగ్గరికి పోయింది, సంతకు పోయింది. పదిరోజుల్లో పిల్లల నోళ్లలో పడింది. "పిల్లిని సంపింది, పిల్లిని సంపింది" అని ఫాతిమా బిందె పట్టుకుని పోతుంటే వెనక నడిచేవాళ్లు. మసీదు పక్క ఇంట్లో సాయంత్రాలు ఖురాన్ చదవడం నేర్చుకోవడానికి పోయేది. పక్కన కూర్చునే పిల్లలు ఎడంగా జరుగుతున్నారని అది కూడా మానేసింది. ఆషాఢంలో జీవమ్మ బర్రె ఈనితే దూడ చచ్చి పుట్టింది. ఆ రోజు నుంచి జీవమ్మ తన పాకలోకి ఫాతిమాను రానివ్వలేదు. "నిన్నేమీ అనడంల్యా తల్లీ. దూరంగా ఉండు, అంతే" అంది.

ఇదంతా సైదా సాహెబ్ చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. నేనే పూసినాను అంటే చాలు. రోజూ పొద్దున లేచి, ఈ పొద్దు చెప్పల్ల అనుకునేవాడు. ఎవరో ఒకరు ఎద్దును తోలుకొచ్చి, "సాహెబు చెయ్యి పడితే చాలు" అనేవాళ్లు. ఆయన సుత్తి అందుకునేవాడు. సాయంత్రం అన్నం పెట్టే కూతురి ముఖం చూడలేక, గిన్నెలోకి చూస్తూ తినేవాడు. ఇంట్లో మళ్లీ "పెట్టనా?" "పెట్టు" మిగిలాయి. కొన్నిరోజులకు అవి కూడా తగ్గాయి. ఆ పిల్ల అడగకుండానే పెట్టేది, ఆయన మాట్లాడకుండానే తినేవాడు.

చలికాలంలో ఒక సంతరోజు గురవయ్య అదే కోడెను లాడాలకు తెచ్చాడు. చుట్టూ నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. అప్పుడే ఫాతిమా తండ్రికి నీళ్లచెంబు తెచ్చి పెట్టి పోతోంది. ఒకడు పక్కవాడికి చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ ఆ పిల్ల వైపు చూశారు.

సైదా సాహెబ్ సుత్తి కింద పెట్టాడు.

"ఆ ఫినాయిలు నా బిడ్డ పూయలేదు. నేను పూసినా."

అందరూ ఆయన వైపు తిరిగారు. గురవయ్య మెల్లగా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకు తెలుసులే అప్పా. బిడ్డ మీద పడిన మాట నువ్వు మోయాలని చూస్తాండావు. ఏ తండ్రయినా అదే చేస్తాడు."

"ల్యా గురవయ్యా, నేనే పూసినా. ఎద్దుకు పోసినట్టే పోసినా. అల్లా మీద ఒట్టు."

"ఒట్లు ఎందుకప్పా? నేను ఆడనే ఉంటి కదా. డాక్టర్ అడిగితే బిడ్డే చెప్పింది. నువ్వు ఇంట్లో ల్యానని నీ నోటితోనే అంటివి. ఇంత చెయ్యి తిరిగినోడివి, పిల్లికి ఫినాయిలు పూస్తావా? ఎవరు నమ్ముతారు?"

"మంచోడప్పా సాహెబు" అన్నాడు ఇంకొకడు. "కూతురి పాపం కూడా నెత్తిన వేసుకుంటాండాడు."

సైదా సాహెబ్ ఒకరి తర్వాత ఒకరి ముఖంలోకి చూశాడు. అందరి ముఖాల్లోనూ ఆయన మీద గౌరవమే ఉంది. కోడె కాళ్లు కట్టేసి ఉంది, ఆయాసపడుతోంది. దాన్ని అట్లా ఎక్కువసేపు ఉంచకూడదు. ఆయన సుత్తి అందుకున్నాడు. నాలుగు గిట్టలకూ లాడాలు కొట్టి లేచేసరికి ఫాతిమా అక్కడ లేదు.

ఇంట్లో ఆ పిల్ల బియ్యం ఏరుతోంది.

"విన్నావా?" అన్నాడు.

"విన్నా."

"నేను చెప్పినా బిడ్డా. వాళ్లు నమ్మడంల్యా."

"నమ్మరు" అంది ఫాతిమా. ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. "ఆ పొద్దు చెప్పింటే నమ్ముదురు."

ఆ తర్వాతి ఎండాకాలం బీజాన్ అన్న నూర్ మహమ్మద్ సంజామల నుంచి వచ్చాడు. అక్కడ చిన్న బట్టల అంగడి ఉంది ఆయనకు. ఊళ్లో మాటలు ఆయన చెవిన కూడా పడ్డాయి. "ఈ పిల్లను నాతో పంపు బావా. ఈడ దీన్ని బతకనిచ్చేట్టు ల్యారు. మా ఇంట్లో నా బిడ్డలతో పాటు ఉంటాది" అన్నాడు. సైదా సాహెబ్ కూతురిని అడిగాడు. పోతాననీ అనలేదు, పోననీ అనలేదు. "అన్నం ఎవరు వండుతారు నీకు?" అంది. "నేను వండుకుంటాలే" అన్నాడు. ఆ మధ్యాహ్నమే బట్టలు మూట కట్టుకుంది. బస్సు దగ్గర నూర్ మహమ్మద్ ఎదురుగా తండ్రి కాళ్లకు మొక్కింది. అది వాళ్లింట్లో అలవాటు లేని పని. ఎక్కడ చూసి నేర్చుకుందో.

బక్రీదుకు సైదా సాహెబ్ సంజామల పోయాడు. ఫాతిమా కొంచెం పొడుగైంది. మేనమామ చిన్నబిడ్డను చంకనెత్తుకుని తిరుగుతోంది. తండ్రికి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, చాప వేసి, అన్నం వడ్డించింది. ఇంట్లోవాళ్లు పండగ మాంసం పంచడానికి పోయి ఇంకా రాలేదు. ఇద్దరే ఉన్నారు.

ఆయన దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాట అప్పుడు అన్నాడు. "బిడ్డా, ఆ పొద్దు డాక్టర్ ముందర నేను..."

 గోడ వైపు తిరిగి తలగుడ్డ కొంగుతో ముఖం తుడుచుకున్నాడు.

ఫాతిమా గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు, దూరంగానూ పోలేదు.

"అయిపోయింది కదా నాయనా" అంది. "తిను. సల్లారిపోతాంది."

ఆయన తిన్నాడు. ఆ పిల్ల అడగకుండానే ఇంకొంచెం కూర వేసి, లోపలికి పోయింది.